బిల్లులో పది డబ్బాలు తక్కువ వేసింది వాళ్లు, ఇప్పుడు కట్టమంటున్నది నన్ను. కట్టాలా?

సాగర్ రోడ్డు (నల్లగొండ)

అందరికీ నమస్తే. ఊరి బయట చిన్న ఇల్లు కట్టుకుంటున్నాం, పని ఫ్లోరింగ్ దాకా వచ్చింది. హాలుకు, రెండు బెడ్‌రూంలకు కలిపి 2×2 (రెండడుగుల) టైల్స్ 60 డబ్బాలు ఇక్కడే ఒక షాపులో మాట్లాడుకున్నాను. చదరపు అడుగుకు 48 రూపాయలు, జీఎస్టీ అందులోనే. డబ్బాకు 16 అడుగుల లెక్క. కొటేషన్ కాగితం మీద 60 డబ్బాలు, 46,080 అని సేటు చేత్తో రాసి ఇచ్చాడు.

సరుకు వచ్చిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను, తమ్ముడు దింపించుకున్నాడు. సాయంత్రం పోతే కంప్యూటర్ బిల్లు చేతిలో పెట్టారు. గమ్, గ్రౌట్, బాత్‌రూం సామాను అన్నీ అందులోనే. కింద టోటల్ చూసి, అడ్వాన్సు పోను మిగిలింది ఫోన్‌పే చేసి వచ్చాను.

నిన్న సేటు ఫోన్. "తమ్మీ, స్టాకు చూసుకుంటుంటే దొరికింది. మీ బిల్లుల 60 బదులు 50 కొట్టిండు మా పిల్లగాడు. 7,680 పంపియ్యి" అని. తీరా చూస్తే నిజమే, టైల్స్ ఎదురుగా 50 అని ఉంది.

ఇప్పటికే పరవడం అయిపోయింది. అదే బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేసి ఉంది. మనం ఒక డబ్బా వాపసిస్తామంటే ఆ లైను చూపిస్తారు, వాళ్లకు తేడా వస్తే మాత్రం నెల తర్వాత కూడా ఫోన్ చేస్తారు. అన్న కట్టొద్దంటున్నాడు, నాన్న కట్టేయమంటున్నాడు. చట్టం ఏమంటుందో తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు పోరడు

కట్టొద్దు అన్నా. బిల్లు ఇచ్చిండు, డబ్బులు తీసుకున్నడు, కథ అయిపోయింది. ఇదే నువ్వు పది డబ్బాలకు ఎక్కువ కట్టి ఉంటే నీకు ఫోన్ చేసి "తమ్మీ, 7,680 వాపస్ తీస్కపో" అంటుండెనా?

జడ్చర్ల కిరాణం

మాది చిన్న దుకాణం, నాన్నగారి కాలం నుంచి నడుస్తోంది. పోరడు అడిగినదానికి జవాబు: ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు, చేయనివాళ్లూ ఉన్నారు. నేను ఉద్దెర ఖాతా పుస్తకంలో ఎవరికైనా రెండుసార్లు రాసినట్టు కనబడితే కొట్టేసి చెబుతాను. చెప్పకపోతే ఆ మనిషి మళ్లీ నా దుకాణం మెట్లెక్కడు.

ఇక తక్కువ పడటం మాకు రోజూ ఉండేదే. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య గిరాకీ మీద గిరాకీ. ఫోన్‌పే డబ్బా అరుస్తూనే ఉంటుంది. 340 కట్టాల్సినవాళ్లు 34 కొట్టి పోతారు, డబ్బా "ముప్పై నాలుగు రూపాయలు" అని చెప్పేలోగా మనిషి బండెక్కి ఉంటాడు. తెల్లారి పాల ప్యాకెట్‌కు వచ్చినప్పుడు అడుగుతాను. నూటికి తొంభై మంది నవ్వుతూ ఇచ్చేస్తారు. మిగతావాళ్లు "నేను సరిగ్గానే కొట్టిన" అంటారు, ఫోన్ తీసి చూపించమంటే చార్జింగ్ లేదంటారు.

మీ విషయంలో డబ్బాలు మీ ఇంట్లో ఉన్నాయా లేవా? ఉంటే డబ్బులు ఆయనవి. అంతే.

కౌంటర్ నంబర్ 3 (మహబూబ్‌నగర్)

నేను బట్టల షోరూంలో బిల్లింగ్‌లో పని చేస్తాను. ఎవరూ అడగని సంగతి ఒకటి చెబుతాను. ఆ "పిల్లగాడు" ఎవరో, వాడి జీతం ఎంతో ఆలోచించారా?

మా దగ్గర రాత్రి కౌంటర్ మూసేటప్పుడు క్యాష్, కార్డు, యూపీఐ మూడూ కలిపి సిస్టంతో సరిచూస్తారు. తక్కువ వస్తే షార్టేజ్ అని ఎర్ర పెన్నుతో పేరు పక్కన రాస్తారు. నెలాఖరున జీతంలోంచి పోతుంది. ఎక్కువ వస్తే మాత్రం పేరు పక్కన ఎవరూ రాయరు, అది ఓనర్ గల్లాలోకి పోతుంది. పోయిన పండగ సీజన్‌లో ఒక చీర 2,450 అయితే 1,450 అని కొట్టాను. ట్యాగ్ మడత పడి మొదటి అంకె సగమే కనబడింది. ఆ మేడం ఇంటికెళ్లాక ట్యాగ్ చూసుకుని నారాయణపేట నుంచి ఫోన్ చేసి మరీ వెయ్యి పంపించింది. పంపకపోయి ఉంటే ఆ నెల నా బస్ పాస్, ఇంకో రెండు ఖర్చులు ఆగిపోయేవి.

షాపు డబ్బున్నదే కావచ్చు అన్నా. తప్పు చేసినవాడి దగ్గర మాత్రం ఉండవు.

పాలమూరు పోరడు

అక్కా, మీ ఓనర్ మీ జీతం కోస్తే అది మీ ఓనర్ చేసే అన్యాయం. దానికి గిరాకీ ఎందుకు బాధ్యుడు?

నల్లకోటు (భువనగిరి)

రెండు మూడు సంగతులు కలిసిపోతున్నాయి, విడదీసి చెబుతాను. జిల్లా కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తాను, కానీ ఇది కాగితాలు చూసి ఇచ్చే సలహా కాదు, మామూలు మాట.

మొదటిది, సాగర్ రోడ్డు గారి కేసు. ఒప్పందం బిల్లుతో పుట్టలేదు. "60 డబ్బాలు, అడుగుకు 48" అని ఇద్దరూ ఒప్పుకున్న రోజే పుట్టింది, చేత్తో రాసిన కాగితం కూడా ఉంది. బిల్లు దానికి లెక్క మాత్రమే. లెక్క తప్పు పడితే బాకీ తగ్గదు. సరే, ఒప్పందమే 50 డబ్బాలది అనుకుందాం, వాళ్లు పొరపాటున 60 దింపారు. అప్పుడు కూడా 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 37 ఉంది. ఎక్కువ వచ్చిన సరుకును కొన్నవాడు వద్దనవచ్చు. మొత్తం ఉంచుకుంటే మాత్రం ఒప్పుకున్న రేటుకే డబ్బు కట్టాలి. మీరు ఉంచుకోవడమే కాదు, పరిచేశారు కూడా.

వాపసు తీసుకోబడదన్న లైనుకు, దీనికి సంబంధం లేదు. అది సరుకు వాపసు గురించి. ఇది కట్టాల్సిన డబ్బు గురించి.

గడువు కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. లిమిటేషన్ చట్టం ప్రకారం అమ్మిన సరుకు ధర కోసం దావా వేయడానికి సరుకు అప్పగించిన రోజు నుంచి మూడేళ్లు. నెల ఏపాటిది?

రెండోది, కౌంటర్ 3 గారి చీర. అది వేరే కథ. అక్కడ మేడం ముందు చెప్పిన ధరే 1,450. ఆమె దానికి ఒప్పుకుంది, కట్టింది, చీర తీసుకుంది. ఒక పక్షం మాత్రమే పొరపడితే అంతమాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 22 చెబుతుంది. కాబట్టి ఆ వెయ్యి ఆమె మంచితనంతో పంపింది. షాపువాళ్లు కోర్టుకెళ్లి ఉంటే గెలవడం కష్టమయ్యేది.

పాలమూరు పోరడు

చూశారా, నేను చెప్పిందే.

నల్లకోటు (భువనగిరి)

పూర్తిగా కాదు తమ్మీ. అవతలివాడు పొరపడ్డాడని నీకు తెలిసీ నోరు మూసుకుని లాక్కుంటే కోర్టులు ఒప్పుకోని సందర్భాలు ఉన్నాయి. 1939లో ఇంగ్లండులో ఒక కేసు. అర్జెంటీనా కుందేలు చర్మాల బేరం, మాటలన్నీ ఒక్కో చర్మానికి ఇంత అని నడిచాయి. చివర్లో రాతపూర్వకంగా రేటు పంపేటప్పుడు అమ్మేవాళ్లు పొరపాటున పౌను బరువుకు ఇంత అని రాశారు. పౌనుకు దాదాపు మూడు చర్మాలు తూగుతాయి. కొనేవాళ్లు చటుక్కున ఒప్పుకున్నారు. ఆ పొరపాటు మీకు తెలియకుండా ఉండదు, కాబట్టి ఒప్పందమే లేదని కోర్టు తేల్చింది.

ఇంకా దగ్గరిది సింగపూర్‌ది, 2004 తీర్పు. 3,854 డాలర్ల లేజర్ ప్రింటర్‌ను వెబ్‌సైటులో పొరపాటున 66 డాలర్లకు పెట్టారు. రాత్రికి రాత్రి ఆరుగురు కలిసి 1,606 ప్రింటర్లు ఆర్డర్ పెట్టారు, అందులో చట్టం చదివినవాళ్లూ ఉన్నారు. ఓడిపోయారు. ఇవి మన కోర్టులను కట్టిపడేసే తీర్పులు కావు, కానీ వాదనలో ఇక్కడా చూపిస్తుంటారు.

అందుకే ఎవరినైనా నేను మొదట అడిగే ప్రశ్న, డబ్బు కట్టే క్షణంలో మీకు తెలుసా, తెలియదా అని.

సాగర్ రోడ్డు (నల్లగొండ)

నాకు తెలియదు సార్. బిల్లులో పదకొండు ఐటమ్స్ ఉన్నాయి.

బత్తాయి తోట (నాంపల్లి మండలం)

ఈ ముచ్చట చదువుతుంటే ఒళ్లు మండుతోంది. సేట్ల పది డబ్బాలకు సెక్షన్లు వచ్చాయి. వడ్లు కొనే దగ్గర బస్తాకు కిలో తరుగు తీస్తే ఏ సెక్షన్ వస్తుంది? తాలు ఉందంటారు, తేమ ఉందంటారు. కొనుగోలు కేంద్రం దగ్గర కాంటా పెట్టి బస్తాకు ఇంత అని తీస్తారు, లారీ మిల్లుకు పోయాక అక్కడ ఇంకొంచెం తీస్తారు. మేము సంతకం పెట్టిన కాగితం మీద ఉన్న తూకం ఒకటి, ఖాతాలో పడే డబ్బు ఇంకొకటి. అడిగితే "లారీ వాపస్ తీస్కపోతవా?" అంటారు. వాపస్ తీసుకపోవడానికి లారీ కిరాయి ఎవరిస్తారు?

మాకు తక్కువ ఇచ్చినవాడు ఒక్కడు కూడా ఇంతవరకు ఫోన్ చేయలేదు. అందుకే మా ఊరోళ్లకు దుకాణంలో పది రూపాయలు ఎక్కువ చిల్లర వస్తే జేబులో వేసుకుంటారు. నేను తప్పనను.

జడ్చర్ల కిరాణం

పెద్దాయనా, మీ కడుపుమంట న్యాయమే. మా మామ కూడా బాదేపల్లి యార్డులో పల్లీలు పోసి, తక్‌పట్టీ (యార్డులో ఇచ్చే లెక్క చీటీ) పట్టుకుని తిరిగి తిరిగి వచ్చినవాడే. కానీ మిల్లు చేసిన దానికి కిరాణం దుకాణం మీద కసి తీర్చుకుంటే ఎట్లా? నాకూ మిల్లు బియ్యం తక్కువ రేటుకేం ఇవ్వదు.

బత్తాయి తోట (నాంపల్లి మండలం)

కసి కాదు సేటూ. రెండు దిక్కుల కాంటా ఒకటే ఉండాలంటున్నా. మాకు తక్కువ పడితే మా ఖర్మ, మీకు తక్కువ పడితే కోర్టు. అదొక్కటే నా ప్రశ్న.

నల్లకోటు (భువనగిరి)

చట్టం రెండు దిక్కులా ఒకటే పెద్దాయనా. పొరపాటున డబ్బు గానీ వస్తువు గానీ అందుకున్నవాడు తిరిగి ఇవ్వాలని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 72 చెబుతుంది. అందులో సేటు, రైతు అన్న తేడా లేదు. దాన్ని వాడుకునే ఓపిక, ఖర్చు మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు, అది ఒప్పుకుంటాను. షాపు మీద గిరాకీకి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 1915 హెల్ప్‌లైన్ ఉంది. గిరాకీ మీద షాపుకు ఆ దారి లేదు, మామూలు సివిల్ కోర్టుకు పోవాలి. 7,680 కోసం ఎవరూ పోరు. అందుకే ఇలాంటివి పెద్దమనుషుల మధ్యే తేలుతాయి.

కౌంటర్ 3 గారికి ఒక మాట. అప్పగించిన డబ్బు మీ నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలితే జీతంలో కోయడానికి వేతనాల చట్టంలో వీలుంది. కానీ కోసే ముందు మీ వివరణ అడగాలి, పోయినదానికంటే ఎక్కువ కోయకూడదు. ఎర్ర పెన్నుతో పేరు రాయడం వివరణ అడగడం కాదు.

కౌంటర్ నంబర్ 3 (మహబూబ్‌నగర్)

థాంక్యూ సార్. వివరణ అడిగితే ఉద్యోగం అడిగినట్టే మా దగ్గర. అయినా తెలుసుకున్నందుకు సంతోషం.

రిటైర్డ్ ఏఈ (కోదాడ)

తక్కువ బిల్లు అనగానే కరెంటు గుర్తొస్తుంది, ముప్పై ఏళ్లు అదే పని కదా. పిండి గిర్నీకి కనెక్షన్ ఇచ్చేటప్పుడు మావాళ్లే కేటగిరీ తప్పు వేస్తారు. నాలుగేళ్లకు ఆడిట్ వచ్చి "షార్ట్ బిల్లింగ్" అని లక్ష రూపాయల నోటీసు ఇస్తుంది. గిర్నీ ఆయన లబోదిబోమంటాడు. పాపం ఆయన ఆ తక్కువ కరెంటు బిల్లును బట్టే పిండికి రేటు పెట్టుకున్నాడు. పోయిన నాలుగేళ్ల గిరాకీల ఇళ్లకు పోయి కిలోకు ఇంకో రూపాయి ఇవ్వండని అడగలేడు కదా.

2003 విద్యుత్ చట్టంలో 56(2) అని ఉంది. బకాయి మొదట కట్టాల్సి వచ్చిన తేదీ నుంచి రెండేళ్లు దాటితే వసూలు చేయకూడదు, బకాయిగా వరుసగా చూపిస్తూ వస్తే తప్ప. జనం దీన్ని పట్టుకుని "రెండేళ్లు దాటింది, కట్టం" అనేవారు. 2020లో సుప్రీంకోర్టు అజ్మీర్ విద్యుత్ సంస్థ కేసులో తేల్చింది. అక్కడా ఇదే, టారిఫ్ కోడ్ తప్పు పడి 2009 నుంచి 2011 దాకా తక్కువ బిల్లులు వచ్చాయి. పొరపాటు దొరికాక అదనపు బిల్లు ఇవ్వవచ్చు, కానీ దాని కోసం కరెంటు కట్ చేయకూడదు అన్నది తీర్పు. మరుసటి ఏడాది హర్యానా కేసులో మీటరు గుణకం (రీడింగును ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె) 10 వేయాల్సిన చోట 5 వేశారు. తప్పించుకుపోయిన బిల్లును తర్వాత అడగడం సేవాలోపం కాదని కోర్టు అంది.

అంటే అడగవచ్చు, మెడ మీద కత్తి మాత్రం పెట్టకూడదు. నాకైతే ఇది సబబుగానే అనిపించింది. నోటీసు ఇచ్చిన రోజు ఒకేసారి కట్టమనకుండా వాయిదాలు ఇవ్వమని గిర్నీవాళ్ల తరఫున నేనే డివిజన్ ఆఫీసులో మాట్లాడేవాణ్ణి.

డెబిట్ క్రెడిట్ (సూర్యాపేట)

సాగర్ రోడ్డు గారూ, కడితే కట్టండి, కానీ ఉత్త చేతుల మీద ఫోన్‌పే చేయకండి. బిల్లులో ధర, పన్ను తక్కువ పడితే అమ్మినవాడు డెబిట్ నోట్ (తక్కువ పడిన మొత్తానికి ఇచ్చే కాగితం) ఇవ్వాలి, సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం సెక్షన్ 34. టైల్స్ మీద 18 శాతం. మీ 7,680లో 1,170 దాకా పన్నే ఉంది. కాగితం లేకుండా ఇస్తే ఆ పన్ను ప్రభుత్వానికి పోతుందో ఇంకెక్కడికి పోతుందో మీరే ఊహించుకోండి.

టైల్స్ మేస్త్రి (మిర్యాలగూడ)

అందరూ సెక్షన్లు చెప్తున్నారు, డబ్బాలు ఎవరన్నా లెక్కపెట్టిండ్రా? బిల్లు తప్పయితే స్టాకు లెక్క కూడా తప్పు కావచ్చు కదా. నీ ఇంట్లో ఖాళీ అట్టలు ఉంటాయి, లెక్కపెట్టు అన్నా.

ఇంకొకటి. 2×2 అంటారు గానీ టైలు 600 మిల్లీమీటర్లే. నాలుగు టైల్స్ కలిపితే 1.44 చదరపు మీటర్లు, డబ్బా మీదే రాసి ఉంటుంది. అడుగుల్లో పదిహేనున్నర. సేట్లు 16 వేస్తారు. డబ్బాకు అర అడుగు పోతుంది. 60 డబ్బాలకు 30 అడుగులు, నీ రేటుకు 1,440 రూపాయలు. ఇది కూడా తప్పు లెక్కే కదా, దీనికి నీకు ఫోన్ వచ్చిందా?

పాలమూరు పోరడు

మేస్త్రీ, నీకు దండం 🙏

జడ్చర్ల కిరాణం

అది మొదటి రోజే 16 అని చెప్పి ఒప్పుకున్న బేరం. దాచిపెట్టింది కాదు. ఇప్పుడు తీయడం న్యాయం కాదు.

నల్లకోటు (భువనగిరి)

ఇది వాదించుకోదగ్గ పాయింటే. డబ్బాకు 768 అని మాట్లాడుకుని ఉంటే కిరాణం గారిది రైటు. అడుగుకు 48 అని మాట్లాడుకుంటే, అడుగు అంటే అడుగే ఉండాలి, డబ్బా మీద ముద్రించింది సాక్ష్యం. ఆయన చెప్పిన బేరంలో రెండూ ఉన్నాయి కాబట్టి నేను ఏ పక్షమైనా వాదించగలను, అది మా వృత్తి.

సాగర్ రోడ్డు (నల్లగొండ)

అప్‌డేట్. ఆదివారం తమ్ముడు, నేను కూర్చుని అట్టలు లెక్కపెట్టాం. కొన్ని మేస్త్రీలు కింద పరుచుకుని అన్నం తిన్నవి, కొన్ని కొత్త టైల్స్ మీద సిమెంటు పడకుండా కప్పినవి, నాలుగైదు పక్కింటి ఆవిడ పొయ్యి కిందికి అడిగి తీసుకుపోయింది. ఆమెను అడిగి కూడా లెక్కేశాం. ఖాళీవి 58, విప్పనివి 2. సరిగ్గా 60. సేటు అబద్ధం చెప్పలేదు.

షాపుకు పోయాను. నాన్న కూడా వస్తానని వచ్చాడు. విప్పని రెండు డబ్బాలు వాపసు తీసుకుంటారా అంటే, బిల్లు మీది లైను చూపించకుండానే సరే అన్నాడు. అక్కడికి 6,144 అయింది. అప్పుడు డబ్బా మీది 1.44 చూపించి మేస్త్రి లెక్క చెప్పాను. సేటు ముందు నవ్వాడు, తర్వాత నవ్వలేదు. "తమ్మీ, కంపెనీ నాకు డబ్బా లెక్కనే ఇస్తది, నల్లగొండల అందరు 16 ఏ అంటరు" అన్నాడు. నాన్న మధ్యలో పడి "ఐదు వేలకు తెంపుండ్రి" అన్నాడు. తెగింది. బిల్లు కొట్టిన పిల్లగాడు అక్కడే ఉన్నాడు, వాడి జీతంలో కోయొద్దని కూడా నాన్నే చెప్పాడు. సేటు తలూపాడు. కోశాడో లేదో మనకు తెలియదు.

ఫోన్‌పే చేసే ముందు డెబిట్ నోట్ అడిగాను. "ఐదు వేలకు కాగితమెందుకు తమ్మీ" అన్నాడు. కాగితం వస్తేనే డబ్బు అన్నాను. మొన్న వాట్సాప్‌లో పంపాడు, పంపేశాను.

జడ్చర్ల కిరాణం

కట్టావు, సంతోషం. కానీ నా లెక్కలో నువ్వు 1,144 తక్కువ కట్టావు.

బత్తాయి తోట (నాంపల్లి మండలం)

నా లెక్కలో 5,000 ఎక్కువ.

టైల్స్ మేస్త్రి (మిర్యాలగూడ)

రెండు డబ్బాలు ఎందుకు వాపసిస్తున్నవన్నా! రేపు వంటింట్లో రోలు పడి ఒక టైలు పగిలితే అదే బ్యాచ్, అదే షేడ్ మళ్లీ దొరకదు. ఒక డబ్బా అటక మీద పెట్టుకో. ఇంకా ఇంట్లనే ఉన్నయా, ఇచ్చేసినవా?

సాగర్ రోడ్డు (నల్లగొండ)

ఇంకా ఇంట్లోనే ఉన్నాయి, ఈ వారం ఆటోలో పంపాలి. మా మేస్త్రి కూడా ఇదే అన్నాడు. ఒకటి ఉంచుకుంటాను, దాని డబ్బులు సేటుకు మళ్లీ పంపాలి. 768 ఆ, 744 ఆ అని ఇక్కడ మళ్లీ మొదలుపెట్టకండి, నేను అడ్మిన్‌కు చెప్పి థ్రెడ్ మూయిస్తున్నాను.